నాలుగు స్తంభాలు, ఒక పేరు

చైనా నగరాల్లో రోడ్డు పక్కన ఉండే టెలిఫోన్ బూత్‌ను అక్కడివారు 'దియాన్‌హువా టింగ్' అంటారు. వార్తాపత్రికలు అమ్మే చిన్న కొట్టు 'బావో టింగ్'. టోల్‌గేటు దగ్గర డబ్బు తీసుకునే గది, కాపలావాడు నిలబడే గూడు, టికెట్లు ఇచ్చే చిన్న గది, అన్నీ టింగులే. కొండ అంచున నాలుగు స్తంభాల మీద నిలిచి, కప్పు కొసలు పైకి లేచి, కింద కవులు కూర్చుని మద్యం తాగుతూ మబ్బులను చూసిన ఆ అందమైన కట్టడమూ టింగే. టోల్‌గేటుకూ కవిత్వానికీ ఒకే మాటేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. చరిత్రలో వెనక్కి వెళితే టోల్‌గేటే ముందు పుట్టింది. కవి చాలా తర్వాత వచ్చి అందులో కూర్చున్నాడు.

తెలుగులో దీన్ని మండపం అనడం పరిపాటి. దగ్గరి మాటే గానీ కొంత దారి తప్పిస్తుంది. మండపం అనగానే మనకు గుడి, రాతి స్తంభాలు, ఉత్సవ విగ్రహం గుర్తుకొస్తాయి. టింగ్ సాధారణంగా కర్రతో కట్టింది, ఏ గుడికీ చెందనవసరం లేనిది, లోపల దేవుడు లేనిది. ఇంగ్లీషు అనువాదాలు ఇంకో గందరగోళం తెచ్చిపెట్టాయి. చైనావారికి టింగ్ వేరు, ఎత్తైన వేదిక 'తాయ్' వేరు, అంతస్తుల మేడ 'లౌ' వేరు, నీటి ఒడ్డున ముందుకు చొచ్చుకొచ్చే 'షియె' వేరు. ఇంగ్లీషువారు వీటిలో చాలావాటిని 'పెవిలియన్' అని ఒకే మాటతో పిలిచారు. అందుకే అంతస్తులకు అంతస్తులున్న మేడలు కూడా అనువాదాల్లో టింగుల సరసన చేరిపోతుంటాయి. ఈ వ్యాసం మాత్రం టింగ్ గడప దాటదు. అసలు దానికి గడపే లేదనుకోండి, అది వేరే మాట.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో చిన్ సామ్రాజ్యం, ఆ తర్వాత హాన్ సామ్రాజ్యం రోడ్ల వెంబడి పది 'లి'లకు ఒక టింగ్ అన్న లెక్కన ఏర్పాటు చేశాయి. అప్పటి లి అర కిలోమీటరుకు కాస్త తక్కువ. అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా నడిస్తే ఒక టింగ్ వచ్చేది. అక్కడ ఒక అధికారి, ఆయన కింద కొద్దిమంది సహాయకులు ఉండేవారు. దొంగలను పట్టుకోవడం, ప్రభుత్వ పని మీద తిరిగేవారికి పడక చూపడం, రాత్రిపూట దారిన పోయేవారిని ఆపి ఆరా తీయడం వారి పని. ఠాణా, సత్రం, మజిలీ మూడూ ఒకే కప్పు కింద అన్నమాట. హాన్ వంశ చరిత్ర గ్రంథం దేశం మొత్తం మీద 29,635 టింగులున్నాయని లెక్క చెబుతోంది. ఆ సామ్రాజ్యాన్ని స్థాపించిన లియు బాంగ్ సింహాసనం ఎక్కకముందు సిషుయి అనే చోట ఇలాంటి ఒక టింగ్‌కు అధికారి. అంటే ఒక చిన్న ఠాణాకు పెద్దగా ఉన్నవాడు చక్రవర్తి అయ్యాడు.

ఈ టింగులు ఎంత నిక్కచ్చిగా పనిచేసేవో చెప్పడానికి చరిత్రకారుడు సీమా చియాన్ రాసిపెట్టిన ఒక సంఘటన చాలు. ఉత్తర సరిహద్దుల్లో 'షియోంగ్ను' అనే సంచార జాతి గుర్రపు దళాలకు సింహస్వప్నంగా పేరు తెచ్చుకున్న సేనాపతి లీ గ్వాంగ్ పదవి పోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి బయట తాగి తిరిగి వస్తూ బాలింగ్ అనే చోట టింగ్ దగ్గరికి చేరాడు. అక్కడి అధికారి కూడా తాగే ఉన్నాడు. ఆగమన్నాడు. "ఈయన మాజీ సేనాపతి లీ" అని వెంట ఉన్నవాడు చెప్పాడు. "ఇప్పటి సేనాపతికే రాత్రిపూట తిరిగే అనుమతి లేదు, మాజీకి ఎక్కడిది?" అని ఆ అధికారి లీ గ్వాంగ్‌ను ఆ రాత్రి టింగ్ కిందే ఉంచేశాడు. కొన్నాళ్లకు యుద్ధం ముంచుకొచ్చి లీ గ్వాంగ్‌కు మళ్లీ పదవి దక్కింది. ఆ అధికారిని తన వెంట పంపమని అడిగి తీసుకెళ్లి, శిబిరం చేరగానే తల తీయించాడు. టింగ్ గురించి సుకుమారమైన ఊహలతో వచ్చేవారు ఈ కథను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఆపడం అనే గుణం ఆ మాటలోనే ఉంది. చైనా భాషలో 'ఆగు' అనే క్రియ కూడా టింగే, పలకడంలో తేడా లేదు. రాతలో, కట్టడాన్ని సూచించే అక్షరానికి ఎడమ వైపున మనిషి గుర్తు చేరిస్తే 'ఆగడం' అవుతుంది. హాన్ యుగం చివర్లో మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పిన లియు షి, టింగ్ అంటే మనుషులు ఆగి చేరే చోటు అన్నాడు. పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత తోటల నిర్మాణం మీద గ్రంథం రాసిన జీ చెంగ్ కూడా అదే మాటతో మొదలుపెట్టాడు: టింగ్ అంటే ఆగడం, తిరిగేవారు ఆగి సేదతీరడానికి. మధ్యలో ఆపే మనిషి మాత్రం మాయమయ్యాడు. హాన్ సామ్రాజ్యం కూలిపోయాక ఠాణా పని క్రమంగా పోయింది, సత్రం పని వేరే మజిలీలకు మారింది. ఉద్యోగం ఊడిన టింగ్‌కు కప్పు ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి ఎవరూ ఆపకపోయినా జనం తమంతట తామే ఆగడం మొదలుపెట్టారు.

మొదట ఆగింది సాగనంపడానికి. ఊరి నుంచి పది లిల దూరంలో ఉన్నది 'పొడవు టింగ్', ఐదు లిల దూరంలో ఉన్నది 'పొట్టి టింగ్'. ఆప్తులు దూరదేశం వెళుతుంటే అక్కడిదాకా వెంట నడిచి, ఒక గిన్నె మద్యం పోసి, విల్లో కొమ్మ తుంచి చేతిలో పెట్టి వెనక్కి తిరిగేవారు. విల్లో చెట్టును 'లియు' అంటారు, 'ఉండిపో' అనే మాట కూడా దాదాపు అలాగే వినిపిస్తుంది. వెళ్లేవాడి చేతిలో వెళ్లొద్దన్న మాట పెట్టి పంపడం అది. టాంగ్ కాలపు మహాకవి లీ బై పేరుతో ప్రచారంలో ఉన్న ఒక కవితలో ఇంటికి దూరమైనవాడు ఇలా అడుగుతాడు: తిరిగి వెళ్లే దారి ఎక్కడ? పొడవు టింగ్, ఆపైన పొట్టి టింగ్. మరే వర్ణనా లేదు. వరుసగా టింగులే దూరాన్ని కొలుస్తాయి, ఒక్కో టింగ్ ఒక్కో కన్నీటి మజిలీ.

నేటి నాన్‌జింగ్ దగ్గర ఉండిన లావోలావో టింగ్ మీద లీ బై రాసిన నాలుగు పాదాల పద్యం ఇంకా సూటిది. లోకంలో గుండె కోసే చోటు అతిథులను సాగనంపే ఈ టింగ్ అంటాడు. ఎడబాటు బాధ వసంతపు గాలికి తెలుసు, అందుకే విల్లో కొమ్మలను పచ్చబడనివ్వలేదు అంటాడు. కొమ్మ పచ్చబడకపోతే తుంచడానికి ఉండదు, తుంచకపోతే వీడ్కోలు పూర్తి కాదు, పూర్తి కాకపోతే వెళ్లడమూ ఉండదు. చలికాలం ఇంకా పోలేదన్న మామూలు సంగతిని గాలికి జాలి పుట్టినట్టు మార్చేశాడు. ఈ టింగ్ జ్ఞాపకం ఎంత గట్టిదంటే, లీ షుతాంగ్ 1915 ప్రాంతంలో ఒక అమెరికన్ పాట బాణీకి చైనా మాటలు అల్లినప్పుడు మొదటి పాదంలోనే 'పొడవు టింగ్ అవతల, పాత బాట పక్కన' అని రాశాడు. అప్పటికి చైనాలో రైళ్లు తిరుగుతున్నాయి. అయినా పాటలో వీడ్కోలు స్టేషన్‌లో జరగలేదు.

దారి పక్కన ఉన్న టింగ్ సాహిత్యంలో స్థిరపడిన రోజు చెప్పమంటే చాలామంది 353వ సంవత్సరం మూడో నెల మూడో రోజు అంటారు. నేటి షావోషింగ్ దగ్గర లాన్‌టింగ్ అనే చోట వాంగ్ షీజీ, ఆయన మిత్రులు, బంధువులు నలభై మందికి పైగా చేరారు. వసంతంలో ఏటి ఒడ్డున కీడు కడుక్కునే ఆచారం అది. వంకర టింకర కాలువలో మద్యం గిన్నెలు వదిలి, గిన్నె ఎవరి ముందు ఆగితే వారు కవిత చెప్పాలని పందెం పెట్టుకున్నారు. 26 మంది కలిసి 37 కవితలు చెప్పారు. 16 మందికి కవిత రాలేదు, వారు శిక్షగా మూడేసి గిన్నెలు తాగారు. ఆ కవితల సంపుటికి వాంగ్ షీజీ అప్పటికప్పుడు రాసిన 324 అక్షరాల ముందుమాట చైనా చేతిరాత కళకు శిఖరంగా నిలిచింది. అందులో ఒకే అక్షరం ఇరవై సార్లు వస్తే ఒక్కోసారి ఒక్కో వంపుతో రాశాడని ఇప్పటికీ బడిలో చెబుతారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ ముందుమాటలో కొండలున్నాయి, వెదురు పొదలున్నాయి, పరుగెత్తే నీరు ఉంది, పుట్టుక చావుల మీద ఆలోచన ఉంది. టింగ్ ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. ఎన్ని స్తంభాలో, కప్పు గుండ్రమో చదరమో తెలియదు. అసలు అది పాత కాలపు మజిలీ టింగ్ పేరే అయి ఉండొచ్చన్న అభిప్రాయం కూడా ఉంది. ఆరో శతాబ్దంలో నదుల మీద గ్రంథం రాసిన లీ దావోయువాన్, ఆ టింగ్‌ను ఒకరు నీటి మధ్యకు, మరొకరు కొండ మీదికి మార్చారని చెబుతాడు. ఇప్పుడు యాత్రికులు చూసే చోటు 1548లో మింగ్ కాలపు అధికారి ఒకరు కొత్తగా కట్టించిన దాని వారసత్వం. ముందుమాట అసలు ప్రతి కూడా లేదు. టాంగ్ చక్రవర్తి తాయ్‌జాంగ్ దాన్ని ఒక సన్యాసి దగ్గర నుంచి ఉపాయంగా రాబట్టాడని, 649లో చనిపోయాక తనతోపాటు సమాధి చేయించుకున్నాడని ప్రతీతి. టింగూ పోయింది, కాగితమూ పోయింది. నకళ్లు, పేరు మాత్రం మిగిలాయి. చైనా టింగులన్నిటి కథా ఇంచుమించు ఇదే. కర్రకు చెదలు పడుతుంది, నిప్పు అంటుకుంటుంది, యుద్ధాలొస్తాయి. ఎవరైనా రాసిన నాలుగు మాటలుంటే ఆ మాటల కోసం టింగ్‌ను మళ్లీ కడతారు.

ఈ సంగతి సాంగ్ వంశపు రచయితలకు బాగా తెలుసు. వారి చేతిలో టింగ్ మీద వ్యాసం రాయడం ఒక ప్రక్రియగా మారింది. అందులో మొదట చెప్పుకోవాల్సింది ఓయాంగ్ షియు. రాజధాని రాజకీయాల్లో దెబ్బతిని 1045లో చూజౌ అనే కొండల ఊరికి అధికారిగా వెళ్లాడు. అక్కడి లాంగ్యా కొండ మీద ఊట దగ్గర జిషియాన్ అనే బౌద్ధ సన్యాసి ఒక టింగ్ కట్టించాడు. దానికి ఓయాంగ్ షియు 'తాగుబోతు ముసలాయన టింగ్' అని తన మీదే పేరు పెట్టుకుని, 1046లో దాని మీద వ్యాసం రాశాడు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. కొంచెం తాగితేనే మత్తెక్కుతుంది, వచ్చినవారిలో వయసు నాదే ఎక్కువ, అందుకే ఆ పేరు అని సమర్థించుకున్నాడు.

ఆ వ్యాసం మొదటి వాక్యం ఐదే అక్షరాలు: చూజౌ చుట్టూ అన్నీ కొండలే. మొదటి చిత్తుప్రతిలో తూర్పున ఏ కొండ, పడమర ఏ కొండ అని డజన్ల కొద్దీ అక్షరాలుండేవని, దిద్దిదిద్ది చివరికి ఐదుకు కుదించాడని తత్వవేత్త జూ షి చెప్పాడు. ఆ తర్వాత నడక. నైరుతి దిక్కున కొండల గుంపు, అందులో పచ్చగా ఎత్తుగా ఉన్నది లాంగ్యా. ఆరేడు లిలు నడిస్తే నీటి చప్పుడు, రెండు కొండల నడుమ నుంచి దూకే ఊట, కొండ మలుపు తిరగగానే ఊట మీద రెక్క విప్పినట్టు వాలిన టింగ్. కొండల వలయం నుంచి ఒక్కో అడుగూ బిగించుకుంటూ వచ్చి నాలుగు స్తంభాల మధ్య నిలబెడతాడు. ప్రతి వాక్యం చివర 'యె' అనే అక్షరం వస్తుంది, మొత్తం ఇరవై ఒక్కసారి. గట్టిగా చదివితే తాగినవాడి తల ఊపులా ఉంటుంది. 'తాగుబోతు మనసు మద్యం మీద లేదు, కొండల మీద, నీళ్ల మీద ఉంది' అన్న మాట ఈ వ్యాసంలోదే. ఇప్పుడు చైనాలో ఆ వాక్యం మొదటి సగాన్ని వేరే సందర్భాల్లో వాడతారు. ఎవరైనా చెప్పేది ఒకటి, వారి కన్ను మరో దాని మీద ఉంటే, తాగుబోతు మనసు మద్యం మీద లేదులే అని నవ్వుతారు.

ఓయాంగ్ శిష్యుడు సు షి 1062లో, పాతికేళ్ల వయసులో, ఫెంగ్‌షియాంగ్‌లో మొదటి ఉద్యోగం చేస్తూ తన నివాసానికి ఉత్తరాన ఒక టింగ్ కట్టించుకున్నాడు. ఆ వసంతంలో నెలంతా చినుకు లేదు. జనం బెంగపడ్డారు. తర్వాత వాన మొదలై, చివరికి మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. సరిగ్గా అప్పుడే టింగ్ పూర్తయింది. దానికి 'ఆనంద వర్షం' అని పేరు పెట్టాడు. ఆకాశం ముత్యాలు కురిపిస్తే చలికి వణికేవాడు కప్పుకోగలడా, పచ్చలు కురిపిస్తే ఆకలిగొన్నవాడు వండుకోగలడా అని అడిగాడు. ఆ వాన పుణ్యం ఎవరిదన్న ప్రశ్న వేసి, అధికారి తనది కాదన్నాడు, చక్రవర్తి తనది కాదన్నాడు, సృష్టికర్త కూడా కాదన్నాడు, ఎవరికీ చెందని పేరును టింగ్‌కు ఇచ్చేశానని ముగించాడు. ఎండిన చెరువుల కాలం చూసిన పాఠకుడికి ఈ వ్యాసం వివరించాల్సిన పని లేదు. ఆ చమత్కారం కింద ఎంత ఊరట ఉందో ఇట్టే తెలుస్తుంది.

సుజౌలోని త్సాంగ్‌లాంగ్ టింగ్ కథ అధికార రాజకీయాలకు ఇంకా దగ్గర. సు షున్‌చిన్ అనే అధికారి 1044లో కార్యాలయంలోని పాత కాగితాలు అమ్మిన డబ్బుతో విందు చేసుకున్నాడన్న నేరం మీద ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అసలు గురి ఆయన వెనక ఉన్న సంస్కరణవాదుల మీద. దక్షిణాదికి వచ్చి, నీటి ఒడ్డున పాడుపడిన తోటను నలభై వేల నాణేలకు కొని టింగ్ కట్టుకున్నాడు. మిత్రుడు ఓయాంగ్ షియు దూరం నుంచి పద్యం పంపాడు: చల్లగాలికీ వెన్నెలకూ వెల లేదు, పాపం నలభై వేలకే అమ్మేశారు! ఆ టింగ్ ఇప్పుడు నీటి ఒడ్డున లేదు. 1696లో ఆ ప్రాంత పాలకుడు సాంగ్ లువో దాన్ని తోట మధ్య గుట్ట మీదికి చేర్చాడు. స్తంభాల మీద మాత్రం ఓయాంగ్ పాదం ఒకవైపు, సు షున్‌చిన్ పాదం మరోవైపు జంటగా చెక్కి ఉన్నాయి: 'చల్లగాలికి వెన్నెలకు వెల లేదు' అని ఒకటి, 'దగ్గరి నీటికి దూరపు కొండకు ప్రేమ ఉంది' అని రెండోది. ఇద్దరు స్నేహితులు వేర్వేరు సందర్భాల్లో రాసిన పాదాలను చింగ్ కాలంలో ఒక పండితుడు ఇలా కలిపాడు. తోట 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఇన్ని మాటలు మోసే కట్టడాన్ని దగ్గరగా చూస్తే అందులో దాచుకున్నదేమీ ఉండదు. ఒక అరుగు, నాలుగో ఆరో ఎనిమిదో స్తంభాలు, వాటిని పైన కలిపే దూలాలు, ఆ మీద కప్పు. గోడ లేదు కాబట్టి బరువంతా స్తంభాల మీదే. స్తంభాల నడుమ ఒక వైపు దారి వదిలి, మిగతా వైపుల చెక్క పలకతో అరుగు వేస్తారు. దాని వెనక వంపు తిరిగిన ఊచల ఆనుడు ఉంటుంది. దక్షిణాదిలో దాన్ని 'సుందరి ఆనుకునేది' అంటారు. ఆ ఊచలు నీటి వైపు బయటికి వంగి ఉండడం వల్ల, కూర్చున్నవారి భుజం టింగ్ దాటి చెరువు మీదికి వెళుతుంది.

కూర్చుని తల పైకెత్తితే అసలు పనితనం కనిపిస్తుంది. స్తంభాల తలల నుంచి వాలు దూలాలు లేచి కప్పు కొన దగ్గర కలుస్తాయి. అన్నీ ఒకే బిందువులో కలవాలంటే వాటి కొసలు ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే మధ్యలో ఒక పొట్టి స్తంభాన్ని నిలబెట్టి, అన్ని దూలాలనూ దాని ఒంట్లోకి గుచ్చుతారు. ఈ స్తంభానికి 'ఉరుముల దేవుడి స్తంభం' అని పేరు. చిన్న టింగుల్లో అది నేలను తాకదు, కింద ఆధారమూ ఉండదు. నాలుగు వైపుల నుంచీ దూలాలు నొక్కి పట్టుకోవడం వల్ల గాలిలో వేలాడుతూ ఉంటుంది. కింది కొసను తామర మొగ్గలా చెక్కుతారు. పెద్ద టింగుల్లో మాత్రం దాని కింద అడ్డదూలం వేసి బరువు తగ్గిస్తారు. మేకులతో పని లేకుండా గాడిలో నాలుకను బిగించే పద్ధతి వల్ల గాలి వీచినా, నేల కదిలినా అతుకులు కొంచెం సర్దుకుంటాయి గానీ విరగవు.

ఆకారాల్లో మాత్రం హద్దు లేదు. చదరం, ఆరు మూలలు, ఎనిమిది మూలలు, గుండ్రం, రెండు గుండ్రాలు కలిసినవి, విసనకర్రలా విచ్చుకున్నవి. సుజౌలోని జువోజెంగ్ తోటలో విసనకర్ర ఆకారపు చిన్న టింగ్‌కు 'ఎవరితో కలిసి కూర్చోను?' అని పేరు. సు షి కవితలోని మాట అది. జవాబు కూడా కవితలోనే ఉంది: వెన్నెల, చల్లగాలి, నేను. బీజింగ్ వేసవి రాజభవనంలోని క్వోరూ టింగ్‌కు నలభై స్తంభాలు. అంత పెద్దదాన్ని చూస్తే టింగ్‌కన్నా సభాస్థలం అనిపిస్తుంది, చక్రవర్తులకు ఇలాంటి పొరపాట్లు మామూలే. బావుల మీద కట్టే టింగుల కప్పుకు నడిమధ్య రంధ్రం వదలడం మాత్రం తెలివైన పని. వెలుగు నేరుగా నీటి మీద పడుతుంది, లోపలి చెత్త కనిపిస్తుంది.

టింగ్ ఎలా కట్టాలో పద్ధతులున్నాయి గానీ ఎక్కడ కట్టాలో నియమం లేదు అన్నాడు జీ చెంగ్. వడ్రంగి పని నేర్పవచ్చు, చోటు ఎంచడం నేర్పలేం అని ఆయన భావం. ఎందుకంటే టింగ్ లోపల చూడడానికి ఏమీ లేదు. చూడాల్సిందంతా బయటే ఉంది. ఒక టింగ్ మీద సు షి రాసిన రెండు పాదాల్లో ఈ సంగతి తేటగా ఉంది: ఈ టింగ్ ఒక్కటే ఏమీ లేనిది, ఇందులో కూర్చుంటే పదివేల దృశ్యాలు దక్కుతాయి. యువాన్ కాలపు చిత్రకారుడు నీ జాన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1372లో ఆయన వేసి, ఇప్పుడు తైపే జాతీయ రాజభవన సంగ్రహాలయంలో ఉన్న చిత్రంలో ముందు కొన్ని సన్నని చెట్లు, ఒక ఖాళీ టింగ్, మధ్యలో ఏమీ వేయని తెల్లటి నీరు, అవతల తక్కువ ఎత్తు కొండలు. మనిషి లేడు. కుర్చీ చూపించి కూర్చోమనకుండా నిలబెట్టినట్టు ఉంటుంది చూసేవారికి. అప్పటికి మంగోలుల పాలన ముగిసే తిరుగుబాట్లలో నీ జాన్ సొంత ఆస్తి వదులుకుని పడవలో తిరిగిన మనిషి. ఆ ఖాళీలో ఆ సంగతి కూడా చదువుకోవచ్చు.

ఖాళీ చోటుకు ఇంకో ముఖం ఉంది. బయటికి అడుగు పెట్టనివ్వని ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలకు తోటలోని టింగే ప్రపంచం. టాంగ్ షియాన్‌జు 1598లో పూర్తి చేసిన 55 రంగాల నాటకం పేరులోనే 'మూదాన్ టింగ్' ఉంది, మూదాన్ అంటే పెద్ద రేకుల పియోనీ పువ్వు. పదహారేళ్ల దూ లీనియాంగ్ తండ్రికి తెలియకుండా మొదటిసారి పెరటి తోటకు వెళ్లి, తిరిగొచ్చి నిద్రపోతే, కలలో విల్లో కొమ్మ పట్టుకున్న యువకుడు ఆమెను ఆ టింగ్ దగ్గరికి తీసుకెళతాడు. లేని మనిషి మీద బెంగతో ఆమె చనిపోతుంది, మూడేళ్ల తర్వాత అతను నిజంగా వస్తే బతుకుతుంది. నాటకంలో టింగ్ మీద వర్ణన తక్కువే. ఆ పిల్ల జీవితంలో పెద్దల కన్ను పడని చోటు అదొక్కటే కావడం చాలు.

పద్దెనిమిదో శతాబ్దపు 'ఎర్ర మేడ కల' నవలలో అయితే టింగ్ తెరవడమే రక్షణ. నీటి మధ్య ఉన్న దీచుయి టింగ్‌కు జాలీ కిటికీలున్నాయి. లోపల ఇద్దరు పనిపిల్లలు రహస్యం మాట్లాడుకుంటూ, కిటికీలు తెరిచిపెడదాం, ఎవరైనా వస్తే కనిపిస్తారు అనుకుంటారు. సరిగ్గా అప్పుడే సీతాకోకచిలుకల వెంట వచ్చిన బావోచాయ్ బయట నిలబడి అంతా వినేసింది. దొరికిపోకుండా, మరో అమ్మాయి దాయ్‌యును వెతుకుతున్నట్టు నటించి తప్పించుకుంది. విన్నది దాయ్‌యు అని పనిపిల్లలు భయపడ్డారు. రెండు పేజీల్లో ఒక మనిషి స్వభావం బయటపడింది. మూసిన గదిలో ఈ సన్నివేశం జరగదు.

అదే నవల పదిహేడో అధ్యాయంలో పేర్ల సంగతి మొత్తం ఉంది. జియా కుటుంబం రాణిగా వెళ్లిన కూతురి రాక కోసం పెద్ద తోట కట్టించింది. తండ్రి జియా జెంగ్ పండితులను, కొడుకు బావోయును వెంటబెట్టుకుని చూడడానికి బయలుదేరాడు. ఇంత పెద్ద తోట, ఇన్ని టింగులు, పేరు రాసిన పలక లేకపోతే వెలవెలబోతాయి, పూలూ కొండలూ ఉన్నా రంగు రాదు అన్నది ఆయన అభిప్రాయం. నీటి మీద వంతెనపై ఉన్న టింగ్‌కు ఏ పేరు? ఓయాంగ్ షియు వ్యాసం నుంచి 'రెక్క విప్పినట్టు' అన్నారు ఒకరు. నీటి ప్రస్తావన లేదని జియా జెంగ్ అదే వ్యాసం నుంచి 'దూకే' అన్న మాట ఎంచాడు. దానికి మణిని జోడించి 'దూకే మణి' అన్నారు మరొకరు. రాణి దిగే చోటుకు ఆ మాట మోటుగా ఉంటుందని, 'పరిమళం ఊరే' అని పెట్టమని కుర్రాడు సలహా ఇచ్చాడు. తండ్రి గడ్డం నిమిరి తల ఊపాడు, ఒక్క మాట మెచ్చుకోలేదు. ఏడు వందల ఏళ్ల నాటి వ్యాసం ఒకటి తోటలో ప్రతి మలుపులోనూ వారి నాలుక మీద ఉంది. టింగ్ కట్టడం వడ్రంగుల పని, దాన్ని పూర్తి చేయడం చదువుకున్నవారి పని అని ఆ సమాజం నమ్మింది.

ఈ నమ్మకంలో కొంత అన్యాయమూ ఉంది. జెజియాంగ్, ఫుజియాన్, జియాంగ్‌షీ కొండ దారుల్లో పేరున్న కవులెవరూ రాయని టింగులు లెక్కలేనన్ని ఉండేవి. కావడి మోసేవారు, ఉప్పు మోసేవారు అక్కడ దించుకుని ఊపిరి పీల్చుకునేవారు. వేసవిలో ఊరివాళ్లు కుండలో టీ పోసి పెట్టేవారు. కొన్నిచోట్ల ఆ టీ ఖర్చు కోసం పొలం విడిగా రాసిచ్చేవారు. మన చలివేంద్రానికి దగ్గరి బంధువు ఇదే. ఇలాంటి టింగుల్లో ఎన్ని రోడ్డు వెడల్పులో పోయాయో గమనించేవారు తక్కువ.

పేరే ముఖ్యమైతే, పేరు మార్చడం కూడా సులువే. షియాన్ నగరం దగ్గర లీషాన్ కొండ మీద 1936 డిసెంబరులో అప్పటి చైనా అధినేత చియాంగ్ కై-షెక్‌ను ఆయన సేనానులే పట్టుకున్న చోట 1946లో ఒక టింగ్ కట్టారు. అప్పటి పేర్లలో ఒకటి 'ధర్మ తేజస్సు'. 1949 తర్వాత కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం 'చియాంగ్‌ను పట్టుకున్న టింగ్' అంది. 1986లో, చియాంగ్ పక్షం పాలనలో ఉన్న తైవాన్‌తో మాటలు కలుపుకోవాలన్న ఆశ పెరిగిన రోజుల్లో, ఆ ఘటనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంలో 'ఆయుధాలతో హితవు చెప్పిన టింగ్' అని మార్చారు. స్తంభాలు అవే, కప్పు అదే. పలక మాత్రం మూడుసార్లు రాజకీయాన్ని చదివింది.

పలకలు, వ్యాసాలు, బిరుదులు ఏవీ లేకుండా టింగ్‌ను చూడాలంటే రచయిత జాంగ్ దాయ్ 1632 చలికాలంలో చూసినట్టు చూడాలి. హాంగ్‌జౌ పశ్చిమ సరస్సు మీద మూడు రోజులు మంచు కురిసింది. పక్షి కూత లేదు, మనిషి మాట లేదు. జాంగ్ దాయ్ రాత్రివేళ బొచ్చు కోటు వేసుకుని, కుంపటి పెట్టుకుని చిన్న పడవలో నడి సరస్సు టింగ్ వైపు బయలుదేరాడు. ఆకాశం, మబ్బు, కొండ, నీరు అన్నీ ఒకటే తెలుపు. ఆ తెలుపు మీద కట్ట ఒక గీత, టింగ్ ఒక చుక్క, పడవ ఒక ఆవగింజ, పడవలో మనుషులు రెండు మూడు నూకలు అని రాశాడు. టింగ్ చేరితే అప్పటికే ఇద్దరు చాప పరుచుకుని కూర్చుని ఉన్నారు, ఒక కుర్రాడు మద్యం కాస్తున్నాడు, కుండ మరుగుతోంది. ఈ వేళకు ఇక్కడికి ఇంకొకరు వస్తారా అని వారు సంబరపడి చేయి పట్టి కూర్చోబెట్టారు. జాంగ్ దాయ్ బలవంతాన మూడు పెద్ద గిన్నెలు తాగాడు. పేర్లు అడిగితే నాన్‌జింగ్ మనుషులమని, ఇక్కడ పరాయివాళ్లమని చెప్పారు. తిరిగి పడవ దిగుతుంటే పడవవాడు గొణుక్కున్నాడు: "అయ్యగారికే పిచ్చి అనుకున్నాను, అయ్యగారిని మించినవాళ్లూ ఉన్నారు."